స్విచ్ మార్చినా రాని బ్రేక్ లైట్లు

బండి తొమ్మిదేళ్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. కంప్లయింటు ఒక్క ముక్క: "అన్నా, బ్రేక్ లైట్లు ఒకసారి వస్తయి, ఒకసారి రావు. కాజీపేట బ్రిడ్జి దిగుతుంటే వెనకాయన వచ్చి అద్దం కొట్టి చెప్పిండు." అప్పటికే వేరేచోట వెనక బల్బులు రెండూ మార్చారు. తగ్గలేదు. బ్రేక్ పెడల్ పైనుండే స్విచ్ మార్చారు. రెండు రోజులు బాగున్నాయి, మళ్లీ అదే కథ. తీసేసిన పాత స్విచ్ గ్లవ్ బాక్సులోనే పడుంది.

మే నెలలో హనుమకొండ ఎండకు, డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకునే పని ఎంత తక్కువైతే అంత మేలు. నిలబడి తేల్చుకోగలిగినవన్నీ ముందు తేల్చుకోవాలి.

అందులో మొదటిది, పోతున్నవి ఎన్ని లైట్లు అన్నది. బండి వెనక భాగాన్ని షట్టరు వైపు తిప్పి, సీట్లో కూర్చుని పెడల్ నొక్కితే ఎర్రటి వెలుగు షట్టరు మీద పడుతుంది. ఎడమ, కుడి, పైన అద్దం దగ్గర మూడోది, మూడూ అందులో కనబడతాయి. ఒక్కటే రాకపోతే ఆ బల్బు, దాని హోల్డరు, దాని ఎర్త్ చూడాలి. పైది ఒక్కటే రాకపోతే డిక్కీ తలుపు కబ్జాల దగ్గర రబ్బరు గొట్టంలోంచి పోయే వైరు చూడాలి. తలుపు తెరిచి మూసి అక్కడ వైరు లోపల తెగిపోతుంది, పై తొడుగు మాత్రం బాగానే ఉంటుంది. ఈ బండిలో మూడూ కలిసే పోతున్నాయి, కలిసే వస్తున్నాయి. అంటే తప్పు మూడింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్, అక్కడినుంచి వెనక్కి వెళ్లే వైరు. బల్బులు మార్చడం శుద్ధ దండగ అని ఇక్కడే తెలిసిపోయింది.

షట్టరు మీద ఇంకో సంగతి కూడా కనబడింది. లైట్లు వచ్చినప్పుడు కూడా మసకగా ఉన్నాయి, పెడల్ మీద కాలు కాస్త కదిలిస్తే మినుకుమంటున్నాయి. పూర్తిగా తెగిన వైరు మినుకుమనదు. పట్టీ పట్టనట్టున్న కాంటాక్టే ఇలా చేస్తుంది.

ఫ్యూజు పని నిమిషం. మూత వెనక బొమ్మలో స్టాప్ అని రాసిన దాన్ని చూసుకోవాలి, ఈ బండిలో 15 ఆంపియర్లది. పీకనక్కర్లేదు, ఫ్యూజు నెత్తిమీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, రెండింటి మీదా మీటరు పెడితే చాలు. రెండు చోట్లా 12.4 వోల్టులు. చాలా బండ్లలో ఈ కరెంటు తాళం తీసినా ఉంటుంది, అందుకే తాళం చేతిలో ఉంది కదా అని కింద వైర్లు గీకకూడదు. కొన్ని బండ్లలో హారన్‌కీ బ్రేక్ లైట్లకీ ఒకటే ఫ్యూజు. అలాంటి బండిలో హారన్ మోగుతుంటే ఫ్యూజు బాగున్నట్టే.

బండి కంప్యూటరులోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి 0504 కోడ్ వచ్చింది. స్విచ్ లోపలి రెండు కాంటాక్టుల లెక్క ఒకదానికొకటి కుదరట్లేదని దాని అర్థం. స్విచ్ చెడిందని కాదు. ఈ తేడా తెలియకే చాలా స్విచ్‌లు చెత్తబుట్టలో పడుతున్నాయి. ఇది నాలుగు పిన్నుల స్విచ్. ఒక జత లైట్లది. పెడల్ వదిలినప్పుడు తెరుచుకుని ఉంటుంది, నొక్కితే కలుస్తుంది. రెండో జత దానికి తలకిందులు. కంప్యూటరు రెండింటినీ పోల్చి చూసుకుంటుంది. లైట్ల జతలో కరెంటు సరిగ్గా దాటకపోయినా, స్విచ్‌కు వైర్లు తగిలించే ప్లాస్టిక్ కప్లర్ లూజైనా ఇదే కోడ్ వస్తుంది. పాత బండ్లలో రెండు పిన్నులదే ఉంటుంది, ఈ పోలిక ఉండదు.

ఇక కిందికి దూరక తప్పదు. డ్రైవర్ సీటు పూర్తిగా వెనక్కి జరిపి, గుమ్మం మీద మడిచిన గోనెసంచి వేసుకుంటే నడుము బతుకుతుంది. పెడల్ నొక్కి పట్టడానికి మనిషి అక్కర్లేదు. రెండడుగుల కర్ర పెడల్‌కీ సీటుకీ మధ్య బిగిస్తే సరిపోతుంది. కింద పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్ బ్యాగువి. వాటికి మీటరు పెట్టొద్దు, టెస్ట్ ల్యాంపు అసలే వద్దు.

స్విచ్ పెడల్ చేతికి పైన, బ్రాకెట్‌లో ఉంటుంది. కప్లర్ పీకకుండా, వెనకవైపు నుంచి వైరు పక్కగా సన్నని సూది జొనిపి కొలవాలి. పీకి కొలిస్తే లోడ్ ఉండదు, అంటే బల్బులు కరెంటు లాగవు, లోడ్ లేకపోతే లూజు బయటపడదు. పెడల్ నొక్కి ఉండగా లోపలికొచ్చే వైరు మీద 12.1 వోల్టులు. బయటికెళ్లే వైరు మీద 9.6, అదీ నిలకడగా లేదు, 9కి 10కి మధ్య ఆడుతోంది. ఈ కాస్త దూరంలోనే రెండున్నర వోల్టులు మాయం. మంచి స్విచ్ దగ్గర ఈ తేడా 0.2 దాటకూడదు.

లైట్లు మసకగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, ఇంకా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు సగానికి పైనే పోతుంది. ఎండలో వెనకొచ్చే లారీ డ్రైవరుకు ఆ వెలుగు ఉన్నా లేనట్టే.

సాధారణంగా ఇక్కడే స్విచ్ మీద తీర్పు పడుతుంది. నాకంటే ముందు చూసినాయన కూడా ఇక్కడికే వచ్చి ఉంటాడు. ఆయన చేసిన పరీక్ష కూడా ఊహించగలను. కప్లర్ పీకి, దాని లోపల లైట్ల జతవైన రెండు రంధ్రాల మధ్య ఒక వైరు ముక్క పెట్టి కలిపితే లైట్లు ఫుల్లుగా వెలుగుతాయి. వైర్లన్నీ బాగున్నాయి, స్విచ్చే పోయింది అనిపిస్తుంది. నేనూ కలిపి చూశాను, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైరుతో. ఫుల్లుగానే వెలిగాయి. కానీ ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. వైరు ముక్క స్విచ్‌ను ఒక్కదాన్నే తప్పించదు. స్విచ్ పిన్ను కప్లర్ లోపలి రేకును, అంటే వైరు చివర పిన్నును పట్టుకునే లోహపు ముక్కను, తాకే చోటును కూడా తప్పిస్తుంది. చేతిలో వైరు స్విచ్ పిన్నుకన్నా లావుగా ఉంటే వదులైన రేకులో కూడా బిగుతుగా కూర్చుంటుంది. తప్పు స్విచ్‌లో ఉందా, రేకులో ఉందా అన్నది అలాగే మిగిలిపోతుంది.

తేల్చడానికి స్విచ్‌లను బయట పరీక్షించాను. మీటరులో ఓమ్స్ పెట్టి చూస్తే కొత్తది నొక్కినప్పుడు ఓపెన్, వదిలితే 0.3 ఓమ్. పాతదీ అంతే. స్విచ్‌ను చేతిలో పట్టుకుంటే లెక్క తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి. బండిలో పెడల్ కాలు కింద లేనప్పుడే స్విచ్ మొన, అంటే పెడల్ వైపు పొడుచుకొచ్చే చిన్న కడ్డీ, లోపలికి నొక్కి ఉంటుంది. కాబట్టి మొన నొక్కితే లైటు ఆరాలి, వదిలితే వెలగాలి. అయితే ఓమ్స్ కొలత మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మీటరు పంపే కరెంటు పిసరంత. కార్బన్ పట్టిన కాంటాక్టు కూడా దానికి దారిస్తుంది, అసలు లోడ్ పడితే చేతులెత్తేస్తుంది. 21 వాట్ల బల్బును నేరుగా బ్యాటరీకి, మధ్యలో స్విచ్ పెట్టి కలిపి, స్విచ్ రెండు పిన్నుల మధ్య వోల్టేజీ చూడాలి. కొత్తదాని మీద 0.04. పాతదాని మీద 0.06. ఇరవైసార్లు నొక్కి వదిలినా పాతది ఒక్కసారి కూడా మినుకుమనలేదు. అది ఎప్పుడూ చెడలేదు.

మిగిలింది కప్లర్. ఇక్కడ మీటరుకన్నా వేళ్లే మేలు. పాత స్విచ్‌ను పట్టుకుని, దాని ఒక పిన్ను కొసను కప్లర్ రంధ్రాల్లో ఒక్కోదాంట్లో విడిగా పెట్టి తీశాను. మూడింట్లో పిన్నును రేకు పట్టుకుని లాగినట్టు తెలిసింది. నాలుగోదాంట్లో వెన్నలో కత్తిలా దిగింది, అలాగే వచ్చింది. అది లైట్లకు బయటికెళ్లే వైరుది. టార్చి వేసి చూస్తే రేకు మూతి ఒక పక్కకు విచ్చుకుని ఉంది, లోపల గీత. ఎప్పుడో ఎవరో టెస్ట్ ల్యాంపు మేకును ముందువైపు నుంచి గుచ్చిన గుర్తు. చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ టీ రంగుకు తిరిగింది.

ఆ రంగుకు కారణం లెక్క వేస్తే దొరుకుతుంది. 21 వాట్ల బల్బులు రెండు, 12 వోల్టుల మీద ఒక్కోటి 1.75 ఆంపియర్లు, కలిపి మూడున్నర. పైది చిన్నది, వదిలేద్దాం. వోల్టేజీ తగ్గింది కాబట్టి మూడు ఆంపియర్లు పారుతున్నాయనుకున్నా, ఆ లూజు దగ్గర రెండున్నర వోల్టులు పోతున్నాయంటే ఏడు వాట్లకు పైగా వేడి, గోరంత రేకులో. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలుంచి నిలబడ్డ ప్రతిసారీ అది అలా కాగుతోంది. కాగిన రేకుకు స్ప్రింగు గుణం పోతుంది, ఇంకా వదులవుతుంది, ఇంకా కాగుతుంది. కొత్త స్విచ్ పెట్టినప్పుడు రెండు రోజులు బాగుండటం కూడా ఇందుకే. కప్లర్ పీకి పెట్టడంలో కార్బన్ కాస్త రాలిపోయి కాంటాక్టు కుదిరింది, తర్వాత మళ్లీ జారింది.

కొందరు నోస్ ప్లయర్‌తో మూతి నొక్కి పెట్టేస్తారు. ఇంకా కాగని రేకైతే అది చాలు. రంగు మారిన రేకును నొక్కితే నెలరోజుల ముచ్చట. ఫ్యూజు తీసేసి, కప్లర్ లోపలి చిన్న నాలుకను సూదితో ఎత్తి ఆ రేకును వెనక్కి లాగాను. వైరు చివర రాగి నల్లబడి ఉంది. మెరిసే రాగి కనబడేదాకా అయిదు సెంటీమీటర్లు కోయాల్సి వచ్చింది. అదే వెడల్పు కొత్త రేకు, దానికి 1 చదరపు మిల్లీమీటరు వైరు ముక్క కలిపి, అతుకు దగ్గర నొక్కి బిగించే క్రింప్ స్లీవ్, పైన వేడికి ముడుచుకుని పట్టే హీట్ ష్రింక్ తొడుగు. ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. మన ఎండలకు డ్యాష్‌బోర్డు కింద టేపు జిగురు కరిగి కారుతుంది, రెండో వేసవికి అతుకు బోడిగా కూర్చుంటుంది. పక్కనున్న లోపలికొచ్చే వైరు రేకు బిగుతుగానే ఉన్నా అదే వేడిలో ఉంది కాబట్టి దాన్నీ మార్చాను. రెండు అతుకులూ ఒకే చోట పడకుండా ఒకటి ముందు, ఒకటి వెనక.

అన్నీ పెట్టి కొలిస్తే స్విచ్ దగ్గర తేడా 0.08 వోల్టులు. పని అయిపోయిందనుకుని పెడల్ పది పదిహేనుసార్లు తొక్కి చూస్తుంటే టక్కుమని చిన్న చప్పుడు. లైట్లు వెలిగి అలాగే ఉండిపోయాయి, పెడల్ వదిలినా ఆరలేదు.

కొత్త అతుకులో షార్ట్ అనుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. కానీ చప్పుడు వచ్చిందంటే ఏదో విరిగిందనే. కాళ్ల దగ్గర మ్యాట్ మీద వేలితో తడిమితే నాలుగైదు ప్లాస్టిక్ పెంకులు దొరికాయి, నొక్కితే బిస్కెట్ పొడిలా నలిగాయి. పెడల్ చేతికి ఒక రంధ్రం ఉంటుంది, దానికి బొత్తాం లాంటి స్టాపర్ బుష్ ఉంటుంది. స్విచ్ మొన ఆనేది దాని మీదే. ఏళ్ల తరబడి వేడికి ఎండి అది పొడైంది. బుష్ లేకపోతే మొన ఆ రంధ్రంలోంచి దూరి బయటికొచ్చేస్తుంది, దాంతో పెడల్ నొక్కే ఉందని స్విచ్ అనుకుంటుంది. వేలితో మొనను లోపలికి నొక్కాను, లైట్లు ఆరాయి. షార్ట్ లేదని తేలడానికి అదొక్కటి చాలు.

ఇది రోడ్డు మీద జరిగితే నడిపేవాడికి తెలియదు. బండి ఇంటి ముందు ఆపి తాళం తీసినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. గంటకు మూడున్నర ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ లెక్కకు పది గంటలు, కానీ స్టార్టరు తిప్పే శక్తి అంతకన్నా చాలా ముందే పోతుంది. పొద్దున్నే "బ్యాటరీ డౌన్" అని ఫోన్ చేసే వాళ్లను నేను ముందు అడిగేది, రాత్రి బండి వెనక ఎరుపు కనబడిందా అనే.

బుష్ పదుల రూపాయల వస్తువు, కానీ మోడల్‌ను బట్టి రంధ్రం సైజు మారుతుంది. పాతదాని మెడను కొలుచుకుని పోవాలి, పెంకులైనా సరే తీసుకుపోవాలి. దొరికేదాకా రంధ్రంలో పట్టే చిన్న బోల్టు పెట్టి, వెనక నైలాన్ లాక్ నట్ బిగిస్తే బండి నడుస్తుంది. బోల్టు తల నునుపుగా ఉండాలి, లేకపోతే మొనను గీకేస్తుంది. కొందరు రూపాయి బిళ్ల అంటిస్తారు. జిగురు వేడికి వదిలితే బిళ్ల పెడల్ సందులో పడొచ్చు, నేనైతే పెట్టను.

కొత్త బుష్ పెట్టాక స్విచ్ సెట్టింగ్ మళ్లీ చూడాలి. ఇది మర తిప్పే రకం, లాక్ నట్‌తో. మొన పూర్తిగా లోపలికి పోయి స్విచ్ మర కొస బుష్‌కు ఆనేదాకా తిప్పి, అక్కడినుంచి కొద్దిగా వెనక్కి తిప్పాలి. మర కొసకూ బుష్‌కూ మధ్య ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల సందు ఉంటే సాధారణంగా సరిపోతుంది. బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే వేదం. పెడల్ కాస్త కదలగానే, బ్రేకు పట్టకముందే లైటు రావాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్విచ్‌ను పట్టుకోకపోతే అదీ తిరిగి సెట్టింగ్ పోతుంది, వైర్లూ మెలిపడతాయి.

పెడల్ వదిలాక లైట్లు అస్సలు వెలిగి ఉండకూడదని స్విచ్‌ను బాగా లోపలికి తిప్పేసేవాళ్లున్నారు. దాని ఫలితం బ్రేకుల మీద పడుతుంది. స్విచ్ శరీరమే పెడల్‌ను ముందుకు తోస్తే పెడల్ పూర్తిగా వెనక్కి రాదు. మాస్టర్ సిలిండరు లోపలి చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది, ఆయిలు వెనక్కి పోలేదు, ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. జనగామ దాకా హైవే మీద పోయేసరికి ముందు చక్రాలు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. సెట్టింగ్ అయ్యాక పెడల్‌ను పాదంతో పైకి లాగి చూడాలి. కాస్తయినా పైకి ఆట ఉండాలి.

తిప్పి లాక్ చేసే రకం స్విచ్‌లు వేరు. వాటికి నట్ ఉండదు. మొనను పూర్తిగా బయటికి లాగి, పెడల్ నొక్కి పట్టి, స్విచ్‌ను గాడిలో పెట్టి తిప్పి, పెడల్‌ను మెల్లగా వదలాలి. టిక్ టిక్ మంటూ తనకు తానే సెట్ అవుతుంది. వాటిలో చాలావరకు ఒక్కసారికే. తీసి మళ్లీ పెడితే సరిగ్గా కూర్చుంటుందన్న గ్యారంటీ లేదు. అందుకే ఆ రకం అయితే పరీక్షలన్నీ బండిలోనే చేసుకుని, తప్పు ఖాయమయ్యాకే విప్పాలి.

బటన్ స్టార్ట్ బండి స్టార్ట్ కాకపోయినా, ఆటోమేటిక్ గేరు పి నుంచి కదలకపోయినా ముందు బ్రేక్ లైటు వస్తుందా అని షట్టరు మీద చూడండి. ఆ రెండూ అడిగేది ఈ స్విచ్‌నే. పెడల్ తొక్కితే బ్రేక్ లైటుకు బదులు పార్కింగ్ మసకగా వెలిగినా, ఇండికేటరు కలిసి మెరిసినా స్విచ్ జోలికే పోవద్దు, వెనక హోల్డరు ఎర్త్ చూడండి. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల గోదాముల దగ్గర రాత్రిళ్లు ఆగే బండ్లకు ఎలుకలు కొరికిన వైర్లు వేరే కథ. వాటికి కప్లర్ చూసేకన్నా ముందు వెనక సీటు కింద వైరింగ్ చూస్తే టైము మిగులుతుంది.

చివరి కొలతలు ఇవి. పెడల్ నొక్కి, బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు హోల్డరు ప్లస్ దాకా మొత్తం 0.4 వోల్టుల తేడా. బల్బు ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కు 0.05. స్కానర్ లైవ్ డేటాలో బ్రేక్ స్విచ్ 1, 2 రెండూ ఒకేసారి మారుతున్నాయి. కోడ్ తుడిచి, ముప్పైసార్లు తొక్కినా తిరిగి రాలేదు. తర్వాత కప్లర్‌ను చేత్తో నాలుగు వైపులా కదిలిస్తూ షట్టరు వైపు చూశాను, వెలుగు కదల్లేదు.

"మరి పాత స్విచ్ పారేయాల్నా అన్నా?"

"పారేయకు తమ్మీ, అది మంచిదే." దాని మెడకు దారం కట్టి, అట్టముక్క మీద 'పనిచేస్తుంది' అని రాసి గ్లవ్ బాక్సులోనే పెట్టాను. పొడైన బుష్ పెంకులు కూడా చిన్న కవర్లో వేసి దాని పక్కనే.